కారు వెనక ట్రైలర్ హుక్కు: బంపర్ విప్పితే తెలిసే సంగతులు

పోయిన ఎండాకాలం, ఆటోనగర్‌లో ఒక షెడ్డు. మా బావ కారు వెనక భాగం జాకీల మీద లేచి ఉంది. బంపర్ విప్పి గోడకి ఆనించారు. బావకి చేవెళ్ల దగ్గర రెండెకరాల తోట ఉంది. మామిడి అంట్లు, డ్రిప్ పైపులు, ఎరువు బస్తాలు వారం వారం చేరవేయాలి. కారుకి ఒక హుక్కు పెట్టించి, చిన్న ట్రైలర్ తగిలించుకుంటే ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదని తన ఆలోచన. కారు మామూలు హ్యాచ్‌బ్యాక్. మెకానిక్ ఒక మందపాటి ఇనుప ప్లేటు తెచ్చి చూపించాడు.

"ఏం కాదన్నా, పన్నెండు ఎమ్మెమ్ ప్లేటు ఇది. లారీ గుంజినా ఊడది," అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. ఆ ప్లేటు నిజంగానే ఊడదు. కానీ దాన్ని వెల్డింగ్ చేద్దామనుకున్న చోట, డిక్కీ కింద స్టెప్నీ గుంత అంచున, నేను వేలి కణుపుతో తట్టి చూశాను. ఖాళీ నూనె డబ్బాలా పల్చగా మోగింది. అక్కడున్నది మిల్లీమీటరు మందం కూడా లేని రేకు. బావని పక్కకి పిలిచి, "బావా, ఇవాళ్టికి ఆగుదాం. ముందు సంగతేంటో కనుక్కుందాం," అన్నాను.

ఆ కనుక్కోవడానికి రెండు నెలలు పట్టింది. ఎవర్ని అడిగినా ఒక్క ముక్కే చెప్తారు. షెడ్డువాళ్లు ఇనుము సంగతి చెప్తారు, షోరూమ్‌వాళ్లు వారంటీ పోతుందంటారు, తెలిసినవాళ్లు చలానా పడుతుందంటారు. అన్నీ కలిపి చూస్తే తప్ప అసలు విషయం అర్థం కాదు. హుక్కు ఎంత గట్టిదన్నది చివరి ప్రశ్న. ఆ హుక్కు మీద పడిన బరువు కారు ఒంట్లో ఎక్కడికి పోతుంది, దానికి కారు ఒప్పుకుంటుందా, కాగితాలు ఒప్పుకుంటాయా అన్నవి ముందు తేలాలి.

రేకు ఏది, ఎముక ఏది

మన పల్లెల్లో బొలెరో వెనక ఏదో ఒకటి తగిలించుకుని లాక్కెళ్లడం చూసే ఉంటారు. అది చూసి ఏ కారైనా లాగుతుందనుకుంటాం. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్, ఇన్నోవా క్రిస్టా లాంటి బండ్లకి కింద నిచ్చెనలా ఉండే చాసిస్ విడిగా ఉంటుంది. రెండు పొడవాటి ఉక్కు దూలాలు ముందు నుంచి వెనక దాకా ఒకే వరసలో వెళ్తాయి. బాడీ వాటి మీద కూర్చుంటుంది. హుక్కుని ఆ దూలాల చివర బిగిస్తే లాగే బలం నేరుగా చాసిస్‌లోకి వెళ్తుంది.

మన హ్యాచ్‌బ్యాక్‌లు, సెడాన్‌లు, చాలా కాంపాక్ట్ ఎస్‌యూవీలు అలా ఉండవు. ఇన్నోవాలోనే కొత్తగా వచ్చిన హైక్రాస్ కూడా అలా ఉండదు. వీటిని మోనోకాక్ అంటారు. చాసిస్, బాడీ వేరువేరు కాదు, అంతా ఒకే పెట్టె. రేకుల్ని మడిచి, అతికించి, ఆ మడతలతోనే బలం తెచ్చిన పెట్టె. అగ్గిపెట్టెని నిలువునా నొక్కితే ఆగుతుంది, పక్క గోడ మీద గోటితో నొక్కితే లోపలికి పోతుంది. మోనోకాక్ కూడా అంతే, కొన్ని చోట్ల మాత్రమే బలం పట్టుకోగలదు.

ఆ చోట్లు బంపర్ విప్పితేనే కనిపిస్తాయి. బయటి ప్లాస్టిక్ తీశాక థర్మాకోల్ లాంటి నురగ దిమ్మె ఒకటి వస్తుంది. దాని వెనక అడ్డంగా ఒక ఉక్కు పట్టీ. ఆ పట్టీ రెండు చివరలా చిన్న చిన్న డబ్బాలు, గుద్దినప్పుడు ముందుగా నలగడానికి పెట్టినవి. ఆ డబ్బాల వెనక, డిక్కీ నేలకి రెండు పక్కలా, వెనక చక్రాల వైపు వెళ్లే రెండు బోలు దూలాలు ఉంటాయి. అవే వెనక భాగానికి ఎముకలు. సరిగ్గా తయారైన హుక్కు ఈ రెండు దూలాల్నీ పట్టుకుంటుంది. యూరప్‌లో అమ్మే చాలా హుక్కులు ఆ అడ్డ పట్టీని తీసేసి దాని స్థానంలోనే కూర్చుంటాయి. దూలాల పక్కల్లోకి కంపెనీ ముందే పెట్టిన బెజ్జాల్లో బోల్టులు పడతాయి.

బావ కారుకి ఆ దూలాల పక్కన నాలుగు రబ్బరు బిరడాలు కనిపించాయి. వాటిలో రెండు పీకి టార్చి వేసి చూశాం. లోపల నట్టు ఏమీ లేదు. అవి ఫ్యాక్టరీలో పెయింటు కారిపోవడానికి వదిలిన బెజ్జాలు. హుక్కు కోసం పెట్టినవి కావు. ఈ తేడా తెలియక ఆ బెజ్జాల్లోనే బోల్టులు దూర్చేసేవాళ్లున్నారు.

లాగే బరువు, నొక్కే బరువు

ట్రైలర్ బరువు ఎంత అనే ప్రశ్న అందరూ అడుగుతారు. కానీ హుక్కు మీద రెండు రకాల బరువులు పనిచేస్తాయి. ఒకటి వెనక్కి లాగే బరువు. రెండోది, ట్రైలర్ ముక్కు హుక్కు చివర ఉండే ఇనుప గుండు (దాన్నే బాల్ అంటారు) మీద కూర్చుని కిందికి నొక్కే బరువు. ఈ రెండోదాన్ని మనవాళ్లు పట్టించుకోరు. నా ఉద్దేశంలో చిన్న కార్లకి అసలు ఇబ్బంది దానితోనే.

ఒక లెక్క వేద్దాం. కారు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు అనుకోండి. బాల్ వెనక చక్రాల ఇరుసుకి 850 మిల్లీమీటర్ల వెనక ఉందనుకోండి. బాల్ మీద 50 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద 50 కాదు, 67 కిలోలు పడతాయి. మిగతా 17 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోతాయి. గడ్డపారతో రాయి లేపినట్టే ఇది, వెనక ఇరుసు ఆనిక అవుతుంది. మన చిన్న కార్లన్నీ దాదాపు ముందు చక్రాలతోనే లాగేవి, ముందు చక్రాలతోనే తిరిగేవి, బ్రేకు బలంలో ఎక్కువ భాగం ముందు చక్రాల నుంచే తెచ్చుకునేవి. వాటి మీద బరువు తగ్గడమంటే స్టీరింగ్ తేలికవడం, వానలో ఎక్కుడు రోడ్డు మీద టైరు గిరగిరా తిరగడం.

ఇక కారు మొత్తం మోయగల బరువు. ఖాళీ కారు 920 కిలోలు, మనుషులూ సామానూ అన్నీ కలిపి ఉండగల గరిష్ఠ స్థూల బరువు 1,340 కిలోలు అనుకుందాం. అంటే 420 కిలోలు మోయొచ్చు. మనిషికి 70 చొప్పున అయిదుగురు కూర్చుంటే 350 పోయింది. మిగిలింది 70. హుక్కు, దాని ఫ్రేము కలిపి ఒక 20. బాల్ మీద 50. లెక్క అక్కడితో సరి, డిక్కీలో ఒక్క బ్యాగు కూడా పెట్టకూడదు. అదే సీఎన్‌జీ కారైతే సిలిండర్ బరువు ముందే వెనక కూర్చుని ఉంటుంది. బావ కారు సీఎన్‌జీ. అక్కడే సగం ఆశ వదులుకున్నాం.

లాగే బరువుకి యూరప్‌లో ఒక కొలత వాడతారు, డి విలువ అంటారు. కారు గరిష్ఠ బరువునీ ట్రైలర్ గరిష్ఠ బరువునీ టన్నుల్లో గుణించి, ఆ రెండింటి మొత్తంతో భాగించి, 9.81తో హెచ్చిస్తే కిలోన్యూటన్లలో వస్తుంది. మన 1,340 కిలోల కారుకి 500 కిలోల ట్రైలర్ తగిలిస్తే 3.57 వస్తుంది. అంటే సుమారు 364 కిలోల బలం. ట్రైలర్ 750 కిలోలైతే 4.72. ఈ అంకె హుక్కు మీది ప్లేటు మీద కొట్టి ఉండాలి, దానితో పాటు బాల్ ఎంత నొక్కుడు బరువు తట్టుకుంటుందో కూడా ఉండాలి.

ఆ అంకె అంత తేలిగ్గా రాదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 55వది ఈ హుక్కుల గురించే. దాని ప్రకారం పరీక్ష యంత్రం మీద హుక్కుని ముందుకీ వెనక్కీ 20 లక్షల సార్లు ఊపుతారు. ఒక్కసారి బలంగా లాగితే విరుగుతుందా అన్నది వాళ్ల అనుమానం కాదు. తీగని అటూ ఇటూ వంచుతుంటే కాసేపటికి తెగినట్టు, ఇనుము అలసి పగులుతుందా అన్నది చూస్తారు. మన రోడ్డు మీద ప్రతి స్పీడ్ బ్రేకరూ, ప్రతి గుంతా ఒక ఊపు. షెడ్డులో చేసిన హుక్కుకి ఆ పరీక్ష మనం నడిపే రోడ్డు మీదే జరుగుతుంది, వెనక వస్తున్న బైకు మీద ఎవరో ఉండగా. పన్నెండు ఎమ్మెమ్ ప్లేటు మాట వినగానే నాకు టెన్షన్ పుట్టింది ఇందుకే.

మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ

కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం మనలో చాలామంది గ్లవ్ బాక్సులో అలాగే ఉంచేస్తాం. అందులో ట్రైలర్ గురించి ఒక పేజీ ఉంటుంది. మన దగ్గర అమ్మే చాలా చిన్న కార్ల పుస్తకాల్లో ఈ బండి మనుషుల్నీ మామూలు సామాన్నీ మోయడానికి చేసింది, ట్రైలర్ లాగడానికి కాదు అన్న అర్థంలో స్పష్టంగా రాసి ఉంటుంది. అలా రాసి ఉంటే అక్కడితో ఆగిపోవడమే మంచిది. కంపెనీ వద్దన్నాక హుక్కు ఎంత మంచిదైనా ఆ కారు లాగగల బరువు సున్నా.

"మరి ఇదే కారు బయటి దేశాల్లో ట్రైలర్ లాగుతోంది కదా" అని బావ అడిగాడు. సరైన ప్రశ్నే. కొన్ని మోడళ్ల విషయంలో అది నిజం కూడా. అయితే పేరు ఒకటే అయినా గేర్ల నిష్పత్తి, రేడియేటర్, వెనక స్ప్రింగులు, బ్రేకులు దేశాన్ని బట్టి మారతాయి. యూరప్‌లో అమ్మే కారు తలుపు పక్కనో బానెట్ కిందో ఉండే ప్లేటు మీద నాలుగు వరసలు ఉంటాయి: కారు గరిష్ఠ బరువు, కారూ ట్రైలరూ కలిపి గరిష్ఠ బరువు, ముందు ఇరుసు, వెనక ఇరుసు. రెండో వరసలో అంకె లేకపోతే ఆ కారు ట్రైలర్ లాగకూడదని అర్థం. ఇక్కడి కారుకి అలాంటి అంకె కంపెనీ ఇవ్వనప్పుడు అక్కడి అంకెని తెచ్చి ఇక్కడ అతికించలేం.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. యూరప్ పద్ధతిలో బాల్ 50 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతిలో రెండంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. ఇంకో సైజు 47.6. కంటికి మూడూ ఒకటే. ట్రైలర్ ముక్కుకి ఉండి బాల్ మీద బోర్లా కూర్చునే గిన్నెని కప్పు అంటారు. రెండంగుళాల కప్పుని 50 బాల్ మీద పెడితే కూర్చున్నట్టే కూర్చుని లోపల ఆడుతుంది. 47.6 బాల్ మీద పెడితే పెద్ద గుంతలో లేచి ఊడిపోవచ్చు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరమాడి కొన్నా, కొరియర్‌లో తెప్పించినా, బాల్ మీద కొట్టిన సైజు చదవండి. చదవడానికి ఏమీ కొట్టి లేకపోతే కొనకండి.

బిగించే పని

కంపెనీ ఒప్పుకున్న కారు, దానికోసం చేసిన హుక్కు దొరికాయనుకుందాం. పెద్ద ఎస్‌యూవీల విషయంలో ఇది జరిగే పనే. అప్పుడు షెడ్డులో మీరు దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, వెల్డింగ్ వద్దు. ఇప్పటి కార్ల దూలాలు ఎక్కువ బలం గల ఉక్కుతో చేస్తారు. ఆ బలం దాన్ని వేడి చేసి చల్లార్చిన తీరు నుంచి వస్తుంది. వెల్డింగ్ మంట తగిలిన చోట అది మెత్తబడుతుంది. లోపలి వైపు తుప్పు రాకుండా వేసిన జింకు పూత కాలిపోతుంది. అది బయటికి కనపడదు, రెండు వానాకాలాల తర్వాత కనపడుతుంది. పెట్రోలు ట్యాంకు కూడా అక్కడికి దగ్గరే.

రెండోది, బెజ్జం వేయాల్సి వస్తే దూలం బోలుగా ఉందన్న సంగతి మర్చిపోకూడదు. బోలు గొట్టంలో అడ్డంగా బోల్టు పెట్టి గట్టిగా బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. బిగింపు దొరికినట్టే ఉంటుంది, నెల తిరిగేసరికి వదులవుతుంది. అందుకే లోపల సరిగ్గా దూలం వెడల్పుకి కోసిన ఉక్కు గొట్టం ముక్క ఒకటి పెట్టి, దాని మధ్యలోంచి బోల్టు పంపాలి. మంచి కిట్లలో ఆ ముక్కలు ఇస్తారు. అవి మిగిలిపోయాయని పక్కన పడేస్తుంటే ఆపండి. బెజ్జం వేశాక అంచులకి ప్రైమర్, జింకు పెయింటు వేయించండి. పావుగంట పని.

బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. అది దాని బలం. ఏ అంకే లేని బోల్టు ఎంత లావుగా ఉన్నా గేటుకి పనికొస్తుంది, హుక్కుకి కాదు. బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడాలి. కిట్‌తో వచ్చిన కాగితంలో ఎన్ని న్యూటన్ మీటర్లో రాసి ఉంటుంది. "చెయ్యి చెప్తదన్నా ఎంత టైట్ చెయ్యాల్నో" అంటారు చాలామంది. మిగతా పనుల్లో వాళ్ల చేతిని నేనూ నమ్ముతాను, ఇక్కడ మాత్రం రెంచి అడుగుతాను. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వెళ్లి ఒకసారి బిగుతు చూపించుకోవాలి. మొదట్లో పెయింటు పొర అణిగి బోల్టులు కాస్త సడలుతాయి.

లైట్ల సంగతి ఇంకో పెద్ద తలనొప్పి. ట్రైలర్‌కీ బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, టెయిల్ ల్యాంపులు ఉండాలి. షెడ్డులో మామూలుగా చేసేది కారు టెయిల్ ల్యాంపు వైరు గీరి, ఇంకో వైరు చుట్టి టేపు వేయడం. పాత కార్లలో నడిచింది. ఇప్పటి కార్లలో ఆ లైట్లని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ వెలిగిస్తుంది. ఎంత కరెంటు పోతోందో అది చూస్తూ ఉంటుంది. ఒక 21 వాట్ల బ్రేకు బల్బు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. ట్రైలర్‌వి రెండు కలిస్తే మరో మూడున్నర. లెక్క తేడా వచ్చిందని అది లైటు ఆపేయొచ్చు, డ్యాష్‌బోర్డు మీద తప్పు చూపించొచ్చు, మాడ్యూలే పాడవొచ్చు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా కరెంటు తెచ్చుకుని, కారు లైటు వైరు నుంచి సైగ మాత్రమే తీసుకునే రిలే పెట్టె వాడాలి. ఏడు పిన్నుల సాకెట్‌లో తెల్ల వైరు ఎర్త్, ఎర్ర వైరు బ్రేకు. ఆ తెల్ల వైరుని బద్ధకించి వదిలేస్తే కరెంటు తుప్పు పట్టిన బాల్ గుండా దారి వెతుక్కుంటుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతుంది. అలా కనిపిస్తే బల్బులు మార్చకుండా ముందు ఎర్త్ చూడండి.

మూడు రకాల కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే ఏంటో ఆ సెక్షనే చెప్తుంది: బండి నిర్మాణాన్ని మార్చడం వల్ల దాని మౌలిక లక్షణం మారితే అది మార్పు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగానే చదివింది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చడానికి వీల్లేదంది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేయించుకున్న ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు.

బోల్టులతో బిగించి, కావాలంటే విప్పేయగల హుక్కు ఈ నిర్వచనంలోకి వస్తుందా? నా దృష్టిలో కంపెనీ యాక్సెసరీగా అమ్మే హుక్కుని కంపెనీ బెజ్జాల్లోనే బిగిస్తే మన వాదన బలంగా ఉంటుంది. దూలం కోసి, ప్లేటు అతికించిన హుక్కుకి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ముందు పెట్టే బుల్ బార్‌ల మీద ఇదే 52వ సెక్షన్ కింద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది. చాలామంది వెనక హుక్కుని కూడా బుల్ బార్ లాగే, ఎవరైనా గుద్దితే బంపర్‌కి ఏం కాకుండా పెట్టించుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి. నురగ దిమ్మె, నలిగే డబ్బాలు ఉన్నది దెబ్బని మింగడానికి. వాటిని దాటి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప బాల్ ఆ దెబ్బని నేరుగా దూలాల్లోకి పంపుతుంది. బంపర్ ఖర్చు మిగిలి బాడీ వంకరపోతుంది. మెహదీపట్నం ట్రాఫిక్‌లో వెనక ఆగిన బైకువాళ్ల మోకాళ్ల ఎత్తులో ఉండేది కూడా ఆ బాలే.

రెండో కాగితం ట్రైలర్‌ది. చాలామందికి తెలియనిది ఇదే. చట్టంలో మోటారు వాహనం అన్న మాటలోకే ట్రైలర్ కూడా వస్తుంది, ఇంజిన్ లేకపోయినా. 61వ సెక్షన్ ప్రకారం మిగతా బండ్లలాగే దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని నంబరు దానిదే. పైగా లాగే కారు నంబరు కూడా ట్రైలర్ వెనక కనిపించాలి. రిజిస్ట్రేషన్‌కి అమ్మకం ధ్రువపత్రం, తయారీదారు ఇచ్చే రోడ్డు యోగ్యత పత్రం కావాలి. లేత్ షాపులో యాంగిల్స్ కొట్టి, మోపెడ్ చక్రాలు తగిలించి చేసిన బండికి అవి ఎవరిస్తారు? ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లినా చేతిలో పెట్టడానికి ఏమీ ఉండదు. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీద నడపడం వేరే నేరం.

మూడోది ఇన్సూరెన్స్. హుక్కు పెట్టించుకున్న రోజే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, పాలసీలో ఎండార్స్‌మెంట్, అంటే ఆ మార్పు నమోదు, వేయించుకోవాలి. ట్రైలర్‌కి విడిగా కవర్ ఉండాలి. చెప్పని మార్పు ఉన్న కారుతో ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర గొడవ మొదలవుతుంది. మన కారు రిపేరు డబ్బు పోయినా తట్టుకుంటాం. తెగిన ట్రైలర్ ఎవరి మీదకైనా వెళ్తే ఆ కుటుంబానికి చేరాల్సిన డబ్బు కూడా అదే గొడవలో ఇరుక్కుంటుంది.

చెడిపోయిన కారుని గ్యారేజీ దాకా లాగడం దీనికి పూర్తిగా వేరు. దానికి చట్టంలో విడిగా అనుమతి ఉంది, రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు. టూల్ కిట్‌లో ఉండే ఇనుప కొక్కెం దానికోసమే. దానికి ట్రైలర్ తగిలించకూడదు.

రోడ్డెక్కాక

ట్రైలర్‌లో బరువు వెనక్కి పెడితే ముక్కు తేలిపోతుంది. అప్పుడు అది కారు వెనక లోలకంలా ఊగడం మొదలుపెడుతుంది. తక్కువ వేగంలో ఆ ఊపు తనంతట తానే ఆగిపోతుంది. ఒక వేగం దాటాక ఆగదు, ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. అందుకే బరువులో ఎక్కువ భాగం ట్రైలర్ ఇరుసుకి ముందు ఉండాలి. అమెరికాలో ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలంటారు. యూరప్‌లో అంతకన్నా తక్కువ సరిపోతుందంటారు, వాళ్ల ట్రైలర్ల నిర్మాణం వేరు, వేగ పరిమితులు వేరు. ఊగడం మొదలైతే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకుండా నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేయాలి. గాభరాపడి కారు బ్రేకు గట్టిగా తొక్కితే వెనకది పక్కకి దూసుకొస్తుంది.

400 కిలోల ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే దాన్ని ఆపాల్సింది కారే. వేగం 60 నుంచి 80కి పెరిగితే ఆపాల్సిన శక్తి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద కార్లకి గంటకి 120 దాకా అనుమతి ఉంది. ఆ వరసలో ట్రైలర్‌తో వెళ్లడం గురించి ఆలోచించడానికే నాకు భయం. ట్రైలర్ ముక్కు నుంచి కారుకి రెండు గొలుసులు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా దాటేలా కట్టాలి. కప్పు ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయల మీద పడుతుంది.

మరి ఎవరికి కావాలి

హైదరాబాద్‌లో నేను మాట్లాడినవాళ్లలో ఎక్కువమందికి ట్రైలర్ అక్కర్లేదు, సైకిళ్లు తీసుకెళ్లాలి. 2023 అక్టోబరులో ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలయ్యాక నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఆదివారం పొద్దున్నే సైకిళ్లు వేసుకుని వచ్చే కార్లు కనిపిస్తున్నాయి. ఒకటి రెండు సైకిళ్లకి పైకప్పు మీది క్యారియర్ గానీ, డిక్కీకి పట్టీలతో కట్టే ర్యాక్ గానీ చాలు. డిక్కీ ర్యాక్ పెడితే నంబరు ప్లేటు, లైట్లు కప్పబడిపోకుండా చూసుకోవాలి. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు నేర్చుకునే పిల్లలు వాడే ఆప్టిమిస్ట్ పడవ బరువు 35 కిలోలు, పొడవు 2.36 మీటర్లు. దానికీ పైకప్పు సరిపోతుంది, మీ కారు పైకప్పు ఎంత మోస్తుందో పుస్తకంలో చూసుకుంటే. అంతకన్నా పెద్ద పడవ గానీ, గుర్రం గానీ, నిజంగా ట్రైలర్ అవసరమయ్యేది ఏదైనా ఉంటే నిచ్చెన చాసిస్ ఉన్న బండి కొనడం దగ్గర నుంచి ఆలోచన మొదలుపెట్టాలి. ఉన్న చిన్న కారుని దానికి సరిపెట్టాలని చూడకూడదు.

బావ కారు ఆ రోజు సాయంత్రానికి జాకీల మీద నుంచి దిగింది. పీకిన రెండు రబ్బరు బిరడాల్లో ఒకటి ఎక్కడో పడిపోతే, మెకానిక్ తన డబ్బాలోంచి సరిపోయేది వెతికి, అంచుకి కాస్త సీలెంట్ రాసి నొక్కాడు. ఆ బెజ్జం తెరిచి ఉంటే దూలంలోకి నీళ్లు పోతాయని అతనే చెప్పాడు. బంపర్ క్లిప్పులు ఒక్కొక్కటీ టక్కుమని పడ్డాయి. డబ్బులు తీసుకోనన్నాడు. బలవంతంగా చేతిలో పెట్టాం.

అంట్లు వర్షాలు పడ్డాక ట్రాలీ ఆటోలో వెళ్లాయి. బావ వెనకాల కారులో నెమ్మదిగా వెళ్తూ, మొయినాబాద్ దగ్గర ఒక అంటు పక్కకి ఒరిగిందని ఆటో ఆపించి మళ్లీ నిలబెట్టి కట్టించాడు.